పక్షి వ్రాలు విధము
(సాంస్కృతిక సమాజ సభయందు చేయబడిన ప్రసంగ పాఠము)



పక్షిని చూచి మానవుడు అనాదినుండి అసూయపడినది దాని రెక్కలను గూర్చియే. కవులు రెక్కలను వర్ణించిరి. పిల్లలు రెక్కలను కోరిరి. శాస్త్రజ్ఞులు రెక్కలను కొలిచిరి. పక్షి కాళ్ళవంక చూచినవారు తక్కువ. కాని ఎగిరిన ప్రతి పక్షియు దినమునకు ఎన్నియో మారులు వ్రాలవలసియున్నది. గాలికి ఊగు కొమ్మ, వానకు తడిసిన పిట్టగోడ, నున్నని విద్యుత్తు తీగ, గరుకైన తుమ్మ బెరడు, వీనిలో దేనిపై వ్రాలినను పక్షి జారి పడుట అరుదుగానే కానవచ్చును. ఎగురుటకంటె దిగుట కష్టమన్న సంగతి విమానము నడుపువారెల్లరు ఎరుగుదురు. పెద్ద విమానము దిగుటకు వేల అడుగుల చదునైన బాట కావలెను. పిచ్చుకకు ఒక పుల్ల చాలును.

ఆ పుల్లపై వ్రాలు విద్యయే నేటి ప్రసంగ విషయము. మెకానికల్ ఇంజనీరింగు చదివిన యువకులు కొందరు పక్షుల పాదములను, ఈకలను, కీళ్ళను పరిశీలించి, వాని పనితీరును అనుసరించు యంత్రములను నిర్మించుచున్నారు. ఇట్టి యంత్రములను రోబోలందురు. తన చుట్టునున్న పరిస్థితిని తానే గ్రహించి, దానికి తగినట్లు కదలు యంత్రము రోబో.

ఈ విద్యయందు మొదటినుండియు ఒక చిక్కు కలదు. సచివాలయమున దీనికొక ఫైలు తెరచినచో అది ఏ శాఖకు చెందునో తేల్చుట సులభము కాదు. యంత్రము గనుక ఇంజనీరింగు శాఖకు పంపుడని జంతుశాస్త్ర శాఖవారు వ్రాయుదురు. పక్షి గనుక జంతుశాస్త్ర శాఖవారి అభిప్రాయము పొందుడని ఇంజనీరింగు శాఖవారు త్రిప్పి పంపుదురు. ఫైలు రెండు బల్లల నడుమ తిరుగుచుండగా పక్షి మాత్రము కిటికీపై వ్రాలి, ఇటునటు చూచి, ఎగిరిపోవును.

వ్రాలుటను గూర్చిన ఆలోచన క్రొత్తది కాదు. ఇటలీ దేశస్థుడగు జొవాన్ని బొరెల్లీ అను పండితుడు జంతువుల కదలికలను గూర్చి వ్రాసిన గ్రంథము ఆయన మరణానంతరము 1680-81లో వెలువడినది. కొమ్మపై నిద్రించు పక్షి ఏల పడిపోదన్న ప్రశ్నకు ఆయన అందు సమాధానము వెదకెను. కండరమును ఎముకకు కట్టియుంచు త్రాడువంటి దానిని స్నాయువందురు. పక్షి కాలు మడచినపుడు ఈ స్నాయువులు బిగిసి వ్రేళ్ళను ముడుచుననియు, అందువలన శరీరపు బరువే పట్టును బిగించుననియు ఆయన తలచెను. ఇది అన్ని పక్షులయందును ఇంత సులభముగా జరుగదని తరువాతి పరిశోధనలు తెలిపినవి. అయినను బరువునే పట్టుగా మార్చుట యను భావము నశింపలేదు. మూడువందల సంవత్సరములకు పైగా వేచియుండి అది ఒక యంత్రపు కాలియందు మరల కానవచ్చెను. ఆ కథ ముందు చెప్పబడును.

మానవుడు తన కండరబలముతో రెక్కలాడించి ఎగురజాలడనియు బొరెల్లీయే లెక్కించి చెప్పెను. ఆ లెక్కకు లోబడకుండ ఎగురు మార్గమును ఇంగ్లండునందు జార్జి కేలీ చూపెను. పక్షి రెక్క ఒకే ఊపులో రెండు పనులు చేయును: శరీరమును పైకెత్తును, ముందునకు నెట్టును. ఈ రెండింటిని విడదీసి, ఎత్తుటకు కదలని రెక్కను, నెట్టుటకు వేరొక సాధనమును అమర్చవచ్చునని ఆయన 1799లో ఒక వెండి బిళ్ళపై చెక్కిన చిత్రము చాటుచున్నది. జర్మనీయందు ఆవిరియంత్రముల కర్మాగారము నడిపిన ఇంజనీరు ఒట్టో లిలియెంతాల్ కొంగజాతి పక్షులను ఏండ్లతరబడి పరిశీలించి, పక్షి ఎగురుటయే విమానవిద్యకు ఆధారమని 1889లో గ్రంథము ప్రకటించెను. 1891 నుండి తాను కట్టిన రెక్కలతో గుట్టలపైనుండి సుమారు రెండువేల మారులు గాలిలో తేలెను. 1896 ఆగస్టు 9న క్రిందపడి, మరునాడు మరణించెను. 1903 డిసెంబరు 17న అమెరికాయందు రైటు సోదరుల యంత్రము తన తొలి ప్రయత్నమున 12 సెకండ్లపాటు ఎగిరెను.

అంతటితో పక్షి నేర్పవలసిన పాఠము ముగిసినదని లోకము భావించెను. పెద్ద యంత్రముల విషయమున ఆ భావన చాలవరకు నిజమే. నూరుల మందిని మోయు విమానమునకు కొమ్మపై వ్రాలవలసిన అగత్యము లేదు. చిన్న యంత్రములు వచ్చిన పిదప మాత్రము పాఠశాల తలుపులు మరల తెరువవలసివచ్చెను. పంకాలతో గాలిలో నిలుచు డ్రోను నేడు పెండ్లిపందిళ్ళ మీదను కానవచ్చుచున్నది. గాలిలో నిలిచియుండుటకే అది ఎంతో శక్తిని వ్యయపరచును. చిన్న డ్రోనుల బ్యాటరీ సాధారణముగా అరగంట సేపైనను గడచునో గడవదో యనునట్లుండును. అడవిలోని తేమను కొలుచుటకో, కార్చిచ్చు జాడ కనిపెట్టుటకో పంపిన డ్రోను ఒక కొమ్మపై కూర్చుండి పంకాలను ఆపివేయగలిగినచో గంటలకొలది కావలి కాయగలదు. కాని దానికి దిగుటకు చదునైన నేల కావలెను. దట్టమైన అడవిలో చదునైన నేల దొరకుట ఎట్లు?

అమెరికాయందలి స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమున మెకానికల్ ఇంజనీరింగు పరిశోధక విద్యార్థిగా నుండిన విలియం రోడరిక్ ఈ ప్రశ్నను చేపట్టెను. ఆయనకు గురువులిద్దరు. రోబోల పట్టును గూర్చి కృషిచేసిన మార్క్ కట్‌కోస్కీ ఒకరు. పక్షుల ఎగురుటను గూర్చి కృషిచేసిన డేవిడ్ లెంటింక్ మరియొకరు. ఫైలు రెండు శాఖలకును చెందినదే యని అచ్చట మొదటనే అంగీకరింపబడినదన్నమాట.

ఇందు గమనింపదగిన విశేషమేమనగా, యంత్రపు కాలికి పూర్వము పక్షి కాలిని గూర్చిన పరిశీలన జరిగినది. పిడికిట ఇముడు చిన్న చిలుకలను పరిశోధకులు శిక్షితులను గావించి, వేరువేరు లావుగల, వేరువేరు స్పర్శగల కడ్డీలపై వ్రాలునట్లు చేసిరి. వానిలో కొయ్య కడ్డీ కలదు, మెత్తని స్పంజి కలదు, గరుకైన ఉప్పుకాగితము చుట్టినది కలదు, దోసె అంటుకొనని పెనములకు పూయు టెఫ్లాను తొడిగినదియు కలదు. అతివేగముగా చిత్రములు తీయు కెమెరాలు ప్రతి కదలికను పట్టుకొనెను. కడ్డీలలో అమర్చిన సాధనములు పాదము మోపిన బలమును నమోదు చేసెను.

2019లో ప్రకటింపబడిన ఫలితము ఊహకందనిది. జారుడు కడ్డీవద్దకు చిలుక భయపడుచు, గరుకు కడ్డీవద్దకు ధైర్యముగా వచ్చునని ఎవరైనను ఊహింతురు. అట్లు జరుగలేదు. కడ్డీ ఏదైనను అది సమీపించు తీరు, రెక్కలు విప్పు తీరు, కాళ్ళు చాచు తీరు ఒక్కటియే. వ్రేళ్ళు కడ్డీని తాకిన క్షణమున మాత్రమే తేడా మొదలగును. పాదపు మెత్తదనము కొంత పట్టునిచ్చును. గోళ్ళు కడ్డీపై ఈడ్వబడుచు చిన్నచిన్న గరుకుతావులను వెదకికొనును. మొదట దొరకిన తావు చాలనిచో ఒకటి రెండు మిల్లీసెకండ్లలో, అనగా సెకండులో వేయవవంతో రెండువంతులో కాలములో, గోరు మరియొక తావునకు మారును. మొదట గట్టిగా పిడికిలి బిగించి, నిలకడ కుదిరిన పిదప పక్షి తన పట్టును సడలించును. కొమ్మను గూర్చి ముందుగా అంతయు తెలిసికొనవలసిన పని పక్షికి లేదు. తాకిన పిదప తెలిసికొనగల పాదము దానికి కలదు.

ఈ జ్ఞానము చేతబట్టుకొని రోడరిక్ యంత్రపు కాళ్ళను నిర్మించుటకు పూనుకొనెను. డ్రోను బరువు చిన్న చిలుక కాళ్ళకు మించినది గనుక కాళ్ళ నమూనాకు బైరిడేగను ఎన్నుకొనెను. ఎముకలకు బదులుగా ముద్రణయంత్రము పొరలు పొరలుగా పోసిన ప్లాస్టిక్కు భాగములు; కండరములకు బదులుగా చిన్న మోటారులు; స్నాయువులకు బదులుగా చేపలు పట్టువారి గాలపు త్రాడు. ఈ నిర్మాణము కుదురుకొనుటకు సుమారు ఇరువది మారులు మార్చి మార్చి చేయవలసివచ్చెను. త్రాడు మడమ కీలును చుట్టి పోవునట్లు అమర్చబడినది. యంత్రము కొమ్మను ఢీకొనినపుడు ఆ తాకిడియే త్రాటిని లాగి వ్రేళ్ళను బిగించును. సుమారు 20 మిల్లీసెకండ్లలో పిడికిలి మూతపడును. బొరెల్లీ భావము యంత్రపు కాలియందు మరల కానవచ్చెననుట ఇందుచేతనే. పట్టు కుదిరిన పిదప మడమ బిగిసికొనును. వ్రాలుట జరిగినదని పాదమునందలి సూచిక తెలుపగా, పడిపోకుండ తూగు నిలుపుకొను ప్రయత్నము ప్రారంభమగును.

ఈ యంత్రమును గూర్చిన వ్యాసము 2021 డిసెంబరులో వెలువడినది. ఆరెగాన్ రాష్ట్రపు అడవులలో అది నిజమైన చెట్లకొమ్మలపై పరీక్షింపబడినది. విసరిన టెన్నిసు బంతినిగూడ ఆ పాదము పట్టుకొనెను. డేగవలె మూడు వ్రేళ్ళు ముందునకు, ఒకటి వెనుకకు ఉండుట మేలా, చిలుకవలె రెండు ముందునకు, రెండు వెనుకకు ఉండుట మేలా యన్న ప్రశ్నకు ఈ యంత్రముపై రెండు పద్ధతులను పరీక్షించి చూడగా, వ్రాలుటవరకు వానినడుమ చెప్పుకొనదగిన భేదము కానరాలేదు. బ్రతికియున్న పక్షి వ్రేళ్ళను మార్చి పరీక్షించుట అసాధ్యము. యంత్రముతో అది సాధ్యమైనది. అయితే ఏ కొమ్మ అనువైనదో తానుగా నిర్ణయించి, దానివద్దకు వేగము తగ్గించుకొని చేరు నేర్పు ఆ యంత్రమునకు ఇంకను అబ్బవలసియున్నదని పరిశోధకులే ఒప్పుకొనిరి. పక్షి గురుపీఠము ఖాళీ కాలేదు.

యంత్రము కట్టబూనుట వలన పక్షిని గూర్చి క్రొత్తసంగతి తెలియుటకు పావురపు రెక్క మరింత మంచి దృష్టాంతము. లెంటింక్ బృందమువారు 40 నిజమైన పావురపు ఈకలను కూర్చి ఒక ఎగురు యంత్రమును నిర్మించి, 2020 జనవరిలో ఆ వివరములు ప్రకటించిరి. పావురము రెక్క విప్పినను ముడిచినను ఈకల నడుమ సందు ఏర్పడదు. ఇన్ని ఈకలను ఒక్కొక్క కండరముతో నడుపుట అసంభవము; అట్లయినచో అవి ఎట్లు క్రమము తప్పకున్నవి? మణికట్టు, వ్రేలు కదలినపుడు సాగుడు గుణముగల కణజాలము ఈకలనన్నిటిని వరుసలో సర్దునని వారు కనుగొనిరి. అంతేకాదు, ప్రక్కప్రక్కనున్న ఈకలపై కంటికానని కొక్కెములు కలవు. ఈకలు విడిపోబోవునపుడు అవి ఒకదానినొకటి పట్టుకొనును. దగ్గరకు వచ్చునపుడు తామే విడివడును. చెప్పులకు, సంచులకు కుట్టు అతుకుడు పట్టీవంటి ఏర్పాటిది. చప్పుడు చేయక ఎగురు గుడ్లగూబ ఈకలకు ఈ కొక్కెములు లేవు. కొక్కెములు విడునపుడు శబ్దమగును గదా! వేల సంవత్సరములుగా మానవుని చూరులలో కాపురమున్న పావురపు ఈకయందలి ఈ రహస్యము, ఆ ఈకతో యంత్రము కట్టబూనిన వారికి తెలిసినది.

స్విట్జర్లండునందలి లోజాన్ నగరపు సాంకేతిక విద్యాసంస్థలో వాన్ డాంగ్ షిన్, ఆయన సహచరులు కాకిజాతి పక్షుల కాళ్ళను అనుసరించి నిర్మించిన యంత్రము నడచును, గెంతును, గెంతి గాలిలోనికి లేచును. 2024 డిసెంబరులో ప్రకటింపబడిన వారి కొలతల ప్రకారము, గెంతి లేచుట కేవలము పంకాబలముతో లేచుటకంటె శక్తిని ఆదా చేయును. పెరటిగోడపై కాకి ఎగురబోవుచు మోకాళ్ళు వంచి చేయు చిన్న గెంతు అలంకారము కాదని ఇందువలన రుజువైనది.

భారతదేశమునకు సంబంధించిన రెండు ప్రస్తావనలు ఇచ్చట అవసరము. మొదటిది వైమానికశాస్త్ర మను గ్రంథము. ఇది ప్రాచీన మహర్షి ప్రోక్తమని కొందరి విశ్వాసము. 1918 నుండి 1923 వరకు పండిత సుబ్బరాయశాస్త్రి దీనిని చెప్పగా వ్రాసికొనబడినది. ఇందు వర్ణింపబడిన నాలుగు విమానములలో ఒకదానికి శకునవిమానమని పేరు; శకునమనగా పక్షి. బెంగుళూరునందలి భారతీయ విజ్ఞానసంస్థకు చెందిన ఐదుగురు శాస్త్రజ్ఞులు ఈ గ్రంథమును శ్రద్ధతో పరిశీలించి, ఇది ఇరువదియవ శతాబ్దపు రచన యనియు, ఇందలి విమానములకు ఎగురు లక్షణములు లేవనియు 1974లో నిర్ణయించిరి. పక్షి పేరు, పక్షి ఆకారము యంత్రమునకు సంక్రమించినంత మాత్రమున పక్షి శక్తి సంక్రమింపదు. ఆకారమును వర్ణించుట సులభము. గోరు ఏ క్షణమున ఎంత జారినదో కొలుచుట కష్టము. ఫలితము ఆ కష్టమును ఆశ్రయించియున్నది.

రెండవ ప్రస్తావన గర్వింపదగినది, దుఃఖింపదగినదియు. ఆగ్రా నగరమున ప్రభుత్వోద్యోగిగా నుండిన ఆంగ్లేయ శాస్త్రజ్ఞుడు హాంకిన్ యమునా జలములలో కలరా క్రిములు నశించుటను గూర్చి 1896లో వ్రాసి ప్రసిద్ధి పొందెను. ఆయన ఉద్యోగము క్రిములతో. ఆయన తీరిక ఆకాశముతో. ఆగ్రాపై తిరుగు గద్దలను, రాబందులను పరిశీలించి 1913లో జంతువుల ఎగురుటపై ఒక గ్రంథము ప్రకటించెను. ప్రొద్దెక్కి గాలి వేడెక్కుకొలది మొదట తేలికయైన గద్దలు, పిదప బరువైన రాబందులు రెక్క లాడింపకయే చుట్టు తిరుగుచు పైకి లేచును. కార్యాలయపు బాధ్యతలు మోయుచు, ఖరీదైన సాధనము లేవియు లేక, ఒక ఉద్యోగి చేసిన కృషి ఇది.

ఆయనకు పాఠము చెప్పిన రాబందుల గతి ఏమైనది? 1990 ప్రాంతమునుండి భారత ఉపఖండమున మూడు జాతుల రాబందులు నూటికి 95కు పైగా నశించినవి. పశువులకు నొప్పి తగ్గుటకిచ్చు డైక్లోఫెనాక్ అను మందు, ఆ పశువుల కళేబరములను తినిన రాబందుల మూత్రపిండములను చెరచుచున్నదని 2004లో నిరూపింపబడెను. 2006లో పశువైద్యమునకై ఆ మందు తయారీని భారతప్రభుత్వము నిషేధించెను. నాటికే చాల ఊళ్ళలో రాబందు పిల్లలకు బొమ్మలలో మాత్రమే కానవచ్చు పక్షియైనది. గురువు మరణించిన పిదప శిష్యుడు ఎంత గొప్ప ప్రయోగశాల కట్టినను అడుగుటకు ఎవరుందురు? పక్షిని చూచి యంత్రము చేయువారికి పక్షిని కాపాడుట పరోపకారము మాత్రమే కాదు. అది వారి విద్యకు మూలధనము.

ఇక ఇంటి మాట. ప్రతి కుటుంబమునను ఇంజనీరింగు చదువుచున్న కుమారుడో కుమార్తెయో ఉన్న రోజులివి. మెకానికల్ పట్టము పుచ్చుకొని కంప్యూటరు ఉద్యోగమునకు పోయిన వారెందరో. ఇది నేరము కాదు. కుటుంబభారము తెలిసిన పిల్లలు చేయు పని అది. కాని అట్టి పిల్లలలో ఒకరు, పక్షి కాలిపై పరిశోధన చేయుదునని చెప్పినచో పెద్దలు మొదట అడుగు ప్రశ్న: ‘‘దానివలన ఏమి వచ్చును నాయనా?’’ ప్రశ్న న్యాయమైనదే. దానికి సమాధానమును మెరుగుపెట్టి చెప్పుట తగదు. ఏండ్లు పట్టును. ఇరువది మారులు కట్టినది విరుగవచ్చును. ఇరువదియొకటవది అంగడిలో అమ్ముడు పోకపోవచ్చును. లిలియెంతాల్ తన కర్మాగారపు ఆదాయముతో రెక్కలు కట్టుకొనెను; అందరికిని అట్టి కర్మాగారము ఉండదు.

అయినను త్రాసు రెండవ తట్టలో వేయవలసినదియు కలదు. ఈ మార్గమున నడచిన విద్యార్థి పుస్తకమున లేని ప్రశ్నను అడుగనేర్చును. తన ఊహకు విరుద్ధమైన కొలత వచ్చినపుడు కొలతను గౌరవింపనేర్చును. తన శాఖ కానిదానిని మరియొక శాఖవారి ముందు చేతులు కట్టుకొని నేర్చుకొనును. ఏ ఉద్యోగమునకు పోయినను ఈ మూడు గుణములు వృథా కావు. దేశమునకు ఇట్టివారు కొందరైనను లేకున్న, ఇతరులు కనుగొనినదానిని కొనుటయే దాని గతి యగును. భారతదేశమున పక్షులకు కొదువ లేదు. పులికాటు సరస్సుకు శీతకాలమున రాజహంసలు వచ్చును; నేలపట్టు చెరువుచెట్లపై గూడబాతులు గూళ్ళు కట్టును; ఢిల్లీ ఆకాశమున గద్దలు దినమంతయు తిరుగును. వానిని కొలుచు కన్నులకే కొదువ.

కనుక పిల్లవాడు పక్షి కాలిని గూర్చి మాటలాడినపుడు పెద్దలు రెండవ ప్రశ్నగూడ అడుగవలెను: ‘‘నీవు ఏమి చూచితివి?’’ మొదటి ప్రశ్నకు సమాధానము తడబడినను, రెండవదానికి అతడు గంటసేపు ఆపకుండ చెప్పగలిగినచో, అతనికి కొంత కాలము, కొంత ఆసరా ఇచ్చి చూడుట తగును. ఇరువది మారులు విరిగిన కాలిని ఓపికతో మరల కట్టగల యువతీయువకులు తెలుగు ఇండ్లనుండియు బయలుదేరుదురు గాక! వారు నేర్చుకొనుటకు తగిన పక్షులు మన చెట్లపై చిరకాలము వ్రాలుచుండును గాక!